పారిశ్రామిక నిల్వ కేంద్రం మీ ప్రాంతానికి వస్తోందా? పర్యావరణం, భూ వినియోగంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు డిపో, గ్యాసు బాట్లింగు ప్లాంటు, అమోనియా ట్యాంకు, రసాయనాల గోదాము వంటివి తమ ప్రాంతానికి వస్తున్నాయని తెలిసిన ప్రతిచోటా రైతులు, పంచాయతీ సభ్యులు, విద్యార్థులు దాదాపు ఒకే సందేహాలు అడుగుతున్నారు. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాము. ఏ ప్రశ్నను ఆ ప్రశ్నగానే విడిగా చదువుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అమలులో ఉన్న పద్ధతులనే ఆధారంగా తీసుకున్నాము. చట్టాలకు సవరణలు తరచుగా వస్తుంటాయి కనుక అర్జీ పెట్టే ముందు ఆనాటి నియమాన్ని ఒకసారి సరిచూసుకోవడం అవసరం.

## తొలి కబురు అందినప్పుడు

ఇక్కడ ఏమీ తయారు చెయ్యరు, సరుకు నిల్వ మాత్రమే చేస్తారట. అలాంటప్పుడు ముప్పేమిటి?

కర్మాగారాన్ని అది రోజూ వదిలే పొగను, మురుగును బట్టి అంచనా వేస్తాము. నిల్వ కేంద్రాన్ని మాత్రం అది తనలో ఎంత పట్టి ఉంచుకుందో, దాని చుట్టూ ఎవరు నివసిస్తున్నారో చూసి అంచనా వెయ్యాలి. ఏళ్ల తరబడి ఏ పొగా రాని ట్యాంకు ఒక్క రాత్రిలో ఊరిని ముంచెయ్యగలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చి 12 మంది మరణించారు. ఆ సమయంలో లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తి ఆగిపోయి ఉంది. ఆవిరి వచ్చింది నిల్వ ట్యాంకు నుంచే. 1997 సెప్టెంబరు 14న అదే నగరంలో హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలోని ఎల్.పి.జి. నిల్వ ప్రాంతంలో జరిగిన పేలుడులోనూ, మంటల్లోనూ సుమారు 60 మంది చనిపోయారు. 2009 అక్టోబరు 29న జైపూర్ శివారు సీతాపురలోని ఇండియన్ ఆయిల్ డిపోలో పైపులైను దగ్గర పెట్రోలు కారి, ఆవిరి మేఘంగా కమ్ముకుని పేలింది. ఆ మంటలు దాదాపు 11 రోజులు మండాయి. ఈ మూడు చోట్లా ప్రాణాలు తీసింది నిల్వ ఉన్న సరుకే కాబట్టి, “తయారీ లేదు కదా” అన్న మాటను భరోసాగా తీసుకోకూడదు.

ప్రతి నిల్వ కేంద్రానికీ పర్యావరణ అనుమతి కావాలా?

అక్కరలేదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూలులో 6(బి) అంశం కింద ప్రమాదకర రసాయనాల విడి నిల్వ కేంద్రాలు ఉన్నాయి. ఏ రసాయనం ఎంత పరిమాణం దాటితే అనుమతి కావాలో నిర్ణయించడానికి 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల్లోని పట్టికలు ఆధారం. ఉదాహరణకు విడి నిల్వ పట్టికలో అమోనియాకు తొలి హద్దు 60 టన్నులు, క్లోరిన్‌కు 10 టన్నులు. సాధారణంగా ఇవి “బి” వర్గంలోకి వస్తాయి, వాటిని రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ అంచనా సంస్థ పరిశీలిస్తుంది. అభయారణ్యం, తీవ్ర కాలుష్య ప్రాంతం లేదా రాష్ట్ర సరిహద్దు 5 కిలోమీటర్ల లోపు ఉంటే “ఎ” వర్గంలాగా కేంద్ర స్థాయిలో పరిశీలించాలన్న సాధారణ షరతు వర్తిస్తుంది.

పర్యావరణ అనుమతి అవసరం లేని నిల్వ కేంద్రాలకు కూడా ఇతర అనుమతులు తప్పవు. నీటి కాలుష్య చట్టం (1974), గాలి కాలుష్య చట్టం (1981) పరిధిలోకి వచ్చే కేంద్రాలు కాలుష్య నియంత్రణ మండలి నుంచి స్థాపనకు, తర్వాత నడపడానికి విడివిడిగా సమ్మతి తీసుకోవాలి. వీటినే మన దగ్గర సి.ఎఫ్.ఇ., సి.ఎఫ్.ఓ. అంటారు. పెట్రోలియం, పీడనంలో ఉంచే వాయువులు, పేలుడు పదార్థాల నిల్వకు పెసో (కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) లైసెన్సు ఉండాలి.

సరిగ్గా ఏం నిల్వ చేస్తారో, ఎంత చేస్తారో ఎలా తెలుసుకోవాలి?

పర్యావరణ అనుమతికి వచ్చిన దరఖాస్తులు కేంద్ర ప్రభుత్వ పరివేష్ వెబ్‌సైటులో ఉంటాయి. అక్కడ జిల్లా పేరుతోనో కంపెనీ పేరుతోనో వెతికితే దరఖాస్తు, నివేదికలో ఏయే అంశాలు అధ్యయనం చెయ్యాలో చెప్పే పరిశీలనాంశాల పత్రం, నిపుణుల కమిటీ సమావేశాల మినిట్స్ దొరుకుతాయి. అక్కడ లేకపోతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కర్మాగారాల శాఖకు, తహసీల్దారుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. జవాబు సాధారణంగా 30 రోజుల్లో రావాలి. “ప్రాజెక్టు వివరాలు ఇవ్వండి” అని అడిగితే సగం సమాచారమే వస్తుంది. ప్రతి పదార్థం పేరు, ఒకేసారి ఉండే గరిష్ఠ నిల్వ టన్నుల్లో, ట్యాంకుల సంఖ్య, ఒక్కో ట్యాంకు సామర్థ్యం, నిల్వ ఉష్ణోగ్రత, పీడనం, స్థలం సర్వే నంబర్లు అని విడివిడిగా రాసి అడగాలి. నెలకు ఎంత సరుకు వచ్చి పోతుందన్న లెక్క వేరు, ఒక్క సమయంలో ఎంత ఉంటుందన్న లెక్క వేరు. ప్రమాదం పరిమాణాన్ని నిర్ణయించేది రెండోది.

కోల్డ్ స్టోరేజీ కూడా ఇందులోకి వస్తుందా?

మిర్చి నిల్వకు గుంటూరు చుట్టుపక్కల ఉన్నటువంటి శీతల గిడ్డంగుల్లో చల్లదనానికి అమోనియా వాడే పద్ధతి ఎక్కువ. ఒక్కో గిడ్డంగిలో ఉండే అమోనియా సాధారణంగా 60 టన్నుల హద్దుకు చాలా తక్కువగా ఉంటుంది కనుక పర్యావరణ అనుమతి ప్రశ్న రాదు. అయితే అమోనియా గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు చేరితే ప్రాణాపాయ స్థాయిగా పరిగణిస్తారు, అందువల్ల ఇళ్ల నడుమ పెట్టే గిడ్డంగికి అగ్నిమాపక శాఖ అనుమతి, వాయువు పసిగట్టే పరికరాలు, గాలి వాలు చూసి బయటికి పోయే దారి ఉన్నాయా అని పంచాయతీ తప్పనిసరిగా అడగాలి.

## భూమి విషయం

అది ప్రభుత్వ బంజరు, ఎవరికీ నష్టం లేదంటున్నారు. నిజమేనా?

రికార్డులో బంజరు అని ఉన్నంత మాత్రాన వాడుకలో లేని భూమి అని అర్థం కాదు. మేత బీడు, పశువుల డొంక, శ్మశానం, చెరువులోకి నీరు దించే వాగు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, ఏళ్లుగా సాగులో ఉన్న డి-పట్టా (అసైన్డ్) భూమి, ఇవన్నీ ఒకే సర్వే నంబరులో కలిసి ఉండవచ్చు. పరిశీలన నాలుగు పత్రాలతో మొదలుపెట్టాలి: పాత సెటిల్‌మెంటు రికార్డు, గ్రామ పటం, అడంగల్ లేదా పహాణీ, నిషేధిత భూముల 22-ఎ జాబితా. వీటిలో చెరువు పోరంబోకు, శిఖం, వాగు, డొంక అన్న మాటలు ఎక్కడ కనిపించినా ఆ సర్వే నంబరును విడిగా రాసిపెట్టుకోవాలి.

నీటి వనరుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వర్షాకాలంలో మాత్రమే పారే చిన్న వాగును కంపెనీ ఇచ్చే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో చూపకుండా వదిలెయ్యడం చాలాచోట్ల జరుగుతుంది. ఆ వాగును పూడ్చి నేల ఎత్తు పెంచితే నీరు ఎగువ పొలాల్లో నిలుస్తుంది, దిగువ చెరువు ఎండుతుంది. ఊరి పెద్దలకు తెలిసిన నీటి దారులను గ్రామ పటం మీద గీసి, వానాకాలపు ఫొటోలు జతపరిచి, గ్రామసభ తీర్మానంతో సమర్పిస్తే ఆ సమాచారాన్ని పక్కన పెట్టడం ఎవరికీ సులభం కాదు. అసైన్డ్ భూములకు 1977 నాటి బదిలీల నిషేధ చట్టం వర్తిస్తుంది, షెడ్యూలు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూ బదిలీని నిషేధించే 1/70 నిబంధన, గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం కూడా తోడవుతాయి.

నాలా అయిపోయిందన్నారు. ఇక భూ వినియోగం మారినట్టే కదా?

ఇవి రెండు వేర్వేరు విషయాలు. 2006 నాటి నాలా చట్టం వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి రెవెన్యూ పరంగా ఏర్పాటు చేసిన పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతిలో ఇటీవల మార్పులు వచ్చాయి కనుక ప్రస్తుత విధానాన్ని తహసీల్దారు కార్యాలయంలో తెలుసుకోవాలి. హెచ్.ఎం.డి.ఎ. (హైదరాబాద్), వి.ఎం.ఆర్.డి.ఎ. (విశాఖపట్నం) వంటి అభివృద్ధి సంస్థల పరిధిలో దీనికి తోడు మాస్టర్ ప్లాన్ ఉంటుంది. అందులో ఆ స్థలం వ్యవసాయ మండలంగానో నివాస మండలంగానో ఉంటే, పారిశ్రామిక వినియోగానికి మార్చడానికి అభ్యంతరాలు ఆహ్వానించి ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. మాస్టర్ ప్లాన్ మార్పు ప్రకటనపై అభ్యంతరం చెప్పే గడువు తక్కువగా ఉంటుంది, దాని గురించి ఊళ్లో చాలామందికి తెలియనే తెలియదు. పత్రికల్లో వచ్చే చిన్న ప్రకటనలను చదివే పని ఊళ్లో ఎవరో ఒకరికి అప్పగించుకోవడం మంచిది.

మా పొలాలు సేకరిస్తామంటున్నారు. సామాజిక ప్రభావ అంచనా లేకుండా తీసుకోవచ్చా?

2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి. ప్రైవేటు కంపెనీ కోసమైతే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం అంగీకారం కావాలి. బహుళ పంటలు పండే సాగునీటి భూమిని చివరి మార్గంగా మాత్రమే తీసుకోవాలని అదే చట్టం చెబుతుంది. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో చేసిన రాష్ట్ర సవరణల వల్ల పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు వచ్చింది. కాబట్టి మీ ప్రాజెక్టును ఏ కోవలో చూపించారో, మినహాయింపు ఉత్తర్వు ఉందో లేదో రాతపూర్వకంగా అడగాలి. భూసేకరణలో మినహాయింపు వచ్చినా పర్యావరణ ప్రభావ అంచనా బాధ్యత అలాగే ఉంటుంది.

ఊరికి కనీసం ఎంత దూరంలో ఉండాలి? చట్టంలో ఒక లెక్క ఉందా?

అన్ని రకాల నిల్వలకూ వర్తించే ఒకే దూరం మన చట్టాల్లో లేదు. పెట్రోలియం నియమాలు, చమురు పరిశ్రమ భద్రతా సంస్థ ప్రమాణాలు ట్యాంకుకు, ట్యాంకుకు మధ్య, ట్యాంకుకు, కంచెకు మధ్య, చుట్టుపక్కల కట్టడాలకు ఉండాల్సిన దూరాలు చెబుతాయి. ఇవి ప్రధానంగా మంటలు పక్క ట్యాంకుకు పాకకుండా చూసే మీటర్ల లెక్కలు. విష వాయువు ఎంత దూరం పోతుంది, ఆ దూరంలో బడి ఉందా అన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

ఐరోపా సమాఖ్య దీన్ని వేరే విధంగా చూస్తుంది. 1976లో ఇటలీలోని సెవెసో దగ్గర జరిగిన విషవాయు ప్రమాదం తర్వాత రూపొంది, 2012లో మూడో రూపం తీసుకున్న సెవెసో ఆదేశం ప్రకారం, ప్రమాదకర నిల్వలున్న చోటుకు, నివాసాలకు, రద్దీ ప్రదేశాలకు మధ్య తగిన దూరాన్ని సభ్య దేశాలు తమ భూ వినియోగ ప్రణాళికలోనే పాటించాలి. బ్రిటన్‌లో అలాంటి స్థలాల చుట్టూ లోపలి, మధ్య, వెలుపలి వలయాలు గీసి, ఏ వలయంలో ఎలాంటి కట్టడం రావచ్చో ఆరోగ్య, భద్రతా సంస్థ సలహా ఇస్తుంది. మన దగ్గర ఇలాంటి కట్టుబాటు భూ వినియోగ ప్రణాళికలోకి రాకపోవడం పెద్ద లోపమని నా దృఢమైన అభిప్రాయం. అది వచ్చేదాకా, ప్రమాదం జరిగితే దాని ప్రభావం ఎంత దూరం పోతుందో చూపుతూ నివేదికలో గీసిన అత్యంత తీవ్ర ప్రమాద వలయాన్ని మాస్టర్ ప్లాన్ పటం మీద గీసి, అందులో ఇప్పుడున్న ఇళ్లు, బళ్లు, ఆసుపత్రులు, అంగన్‌వాడీలు ఎన్నో లెక్కించి చూపమని కోరడం ప్రజల చేతిలో ఉన్న సరైన మార్గం.

డిపో ముందే ఉంది, ఇళ్లు తర్వాత వచ్చాయి అంటారు. అప్పుడు తప్పెవరిది?

విశాఖలోని వెంకటాపురం పరిసరాల్లో సరిగ్గా ఇదే జరిగింది. 1961లో కర్మాగారం మొదలైనప్పుడు అది నగరానికి దూరం. తర్వాత నగరం దాని గోడదాకా పెరిగింది. ఆ పెరుగుదలకు లేఅవుట్ అనుమతులు, రోడ్లు, కరెంటు ఇచ్చింది ప్రభుత్వ సంస్థలే కనుక అక్కడ స్థలం కొనుక్కున్న కుటుంబాలను తప్పుపట్టడం న్యాయం కాదు. కొత్త ప్రతిపాదనను అంచనా వేసేటప్పుడు ఈనాటి జనాభాతో సరిపెట్టకుండా, ట్యాంకుల జీవితకాలంలో, అంటే రానున్న ముప్పై నలభై ఏళ్లలో ఆ వైపు ఊరు ఎలా పెరుగుతుందో లెక్కలోకి తీసుకోవాలి. బఫరు భూమిని కంపెనీయే కొని ఖాళీగా ఉంచాలన్న షరతు, లేదా వలయంలో కొత్త లేఅవుట్లకు అనుమతి ఇవ్వకూడదన్న ఉత్తర్వు అడగవచ్చు. రెండోది ఒప్పుకుంటే ఆ భూముల యజమానులకు ధర పడిపోతుంది. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

తీరం దగ్గరో కొల్లేరు వంటి చిత్తడి నేల దగ్గరో అయితే అదనపు నియమాలున్నాయా?

ఉన్నాయి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ మండలం నియమాలు వర్తిస్తాయి. 2019 నాటి నోటిఫికేషన్ ప్రమాదకర పదార్థాల నిల్వను సాధారణంగా నిషేధించి, రేవులకు సంబంధించిన కొన్ని ఇంధనాలకు షరతులతో వీలు కల్పించింది. కొల్లేరు 2002 నుంచి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉన్న చిత్తడి నేల, అభయారణ్యం కూడా. తీరంలో తుపానును విడిగా లెక్కించాలి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ వంటి గాలికి సగం ఖాళీగా ఉన్న ట్యాంకు తట్టుకుంటుందా, కరెంటు రోజుల తరబడి పోతే శీతలీకరణ ఎలా నడుస్తుంది అన్నవి నివేదికలో ఉండాల్సిన ప్రశ్నలు.

## నివేదికను చదివేటప్పుడు

నివేదిక వందల పేజీలు, అదీ ఇంగ్లీషులో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగు సారాంశం ఇవ్వడం తప్పనిసరి కనుక ముందు దాన్ని తీసుకోవాలి. అయితే సారాంశంతో ఆగిపోకూడదు, ఎందుకంటే ఇబ్బంది కలిగించే అంకెలు తరచుగా అసలు నివేదికలోనే ఉండిపోతాయి. నిపుణుల కమిటీ ఇచ్చిన పరిశీలనాంశాల పత్రం పక్కన పెట్టుకుని, అందులో అడిగిన ఒక్కో అంశానికి నివేదికలో జవాబు ఉందో లేదో టిక్కు పెట్టుకుంటూ వెళ్లడం మంచి పద్ధతి. తర్వాత ప్రత్యామ్నాయ స్థలాల అధ్యాయం చూడాలి. అక్కడ నిజంగా రెండు మూడు చోట్లను పోల్చారా, లేక ఎంపిక అయిపోయాక దానికి కారణాలు రాశారా అన్నది చదివితే తెలిసిపోతుంది. ప్రమాద అంచనా అధ్యాయాన్ని మూడోదిగా చదవాలి. నివేదిక తయారుచేసిన సంస్థకు నాబెట్ (ఇలాంటి సలహా సంస్థలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో, నిపుణుల పేర్లు, సంతకాలు ఉన్నాయో చూడాలి. వేరే జిల్లా పేరో, లేని నది పేరో కనిపిస్తే అది పాత నివేదిక నుంచి ఎత్తిరాసినదని చూపే గట్టి ఆధారం. పేజీ నంబరుతో సహా రాసిపెట్టుకోవాలి.

గాలి, నీరు అన్నీ ప్రమాణాల లోపే ఉన్నాయని రాశారు. నమ్మవచ్చా?

అంకెలు నిజమే కావచ్చు, కానీ అవి దేన్ని కొలిచాయో చూడాలి. సాధారణంగా స్థలం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, వర్షాకాలం కాని ఒక రుతువులో వివరాలు సేకరిస్తారు. అవి మూడేళ్లకు మించి పాతవి కాకూడదు. ధూళి, గంధకం, నత్రజని ఆక్సైడ్లు కొలవడం మామూలే. పెట్రోలు డిపో నుంచి నిజంగా వచ్చేది ట్యాంకులు నింపేటప్పుడూ, ఎండకు వేడెక్కినప్పుడూ వెలువడే ఆవిరి. అందులో బెంజీన్ ఉంటుంది, దానికి జాతీయ గాలి నాణ్యత ప్రమాణం ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. డిపో నివేదికలో బెంజీన్ ఊసే లేకపోతే అసలు కొలవాల్సింది కొలవలేదన్నమాట. బావులు, బోర్ల నమూనాలు ఎక్కడివో చూడాలి. భూగర్భజలం పారే దిశలో దిగువన ఉన్న బోరు ఒక్కటీ లేకపోతే, రేపు కాలుష్యం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. పంచాయతీ సొంత ఖర్చుతో కొన్ని బోర్ల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో ఇప్పుడే పరీక్షింపజేసి భద్రపరచుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

ప్రమాద అంచనా పటంలో రంగు వలయాలు గీశారు. వాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

మంటల వలయాలు ఉష్ణ వికిరణాన్ని చూపుతాయి. చదరపు మీటరుకు 37.5 కిలోవాట్లు అంటే పక్కనున్న యంత్రాలు దెబ్బతినే స్థాయి. 12.5 దగ్గర కట్టె అంటుకోవచ్చు. 4 దగ్గర సుమారు 20 సెకన్లలో ఒంటికి నొప్పి తెలుస్తుంది. విష వాయువు వలయాలు గాలిలో ఆ వాయువు మోతాదును చూపుతాయి. క్లోరిన్‌కు ప్రాణాపాయ స్థాయి పది లక్షల పాళ్లకు 10 మాత్రమే.

వలయం పెద్దదో చిన్నదో లెక్కకు ముందు పెట్టుకున్న ఊహలను బట్టి ఉంటుంది, అందువల్ల ఆ ఊహలనే ప్రశ్నించాలి. ఎంత రంధ్రం పడిందనుకున్నారు? ఎన్ని నిమిషాల్లో వాల్వు మూసేస్తామనుకున్నారు? గాలి వేగం ఎంత తీసుకున్నారు? మధ్యాహ్నపు గాలికి వాయువు త్వరగా పలచబడిపోతుంది. రాత్రి గాలి నిమ్మళించి, నేల చల్లబడిన వేళ అది నేలకు అంటుకుని చాలా దూరం పాకుతుంది. నివేదికలో రాత్రివేళ నిశ్చల గాలి లెక్క లేకపోతే ఆ వలయాన్ని అంగీకరించకూడదు. జైపూర్‌లో పెట్రోలు గంటకు పైగా కారుతూనే ఉంది, ఎవరూ వాల్వు దగ్గరికి వెళ్లలేకపోయారు. అలాంటిది జరిగాక కూడా, కారడం కొద్ది నిమిషాల్లో ఆగిపోతుందని రాసే నివేదికను ఏ ఆధారంతో రాశారని నిలదీయాల్సిందే. వలయం కంచె దాటిపోయిన చోట ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఏ దారిన బయటపడాలో కూడా రాసి ఉండాలి.

అగ్నిప్రమాదం జరిగితే ఆర్పిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

నివేదికల్లో అతి తక్కువగా రాసే అంశం ఇది. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర శాండోజ్ కంపెనీ రసాయనాల గోదాము తగలబడింది. మంటలార్పిన నీళ్లు పురుగుమందులను కలుపుకుని రైన్ నదిలోకి పోయి, వందల కిలోమీటర్ల మేర చేపలను చంపాయి. కాలిపోయింది గోదామే, నష్టపోయింది దిగువ దేశాలు కూడా. కనుక మంటలార్పే నీటిని, నురుగును మొత్తం పట్టి ఉంచే గుంట ఉందా, దాని సామర్థ్యం ఎన్ని గంటల నీటికి సరిపోతుంది, వాన పడుతున్నప్పుడు కూడా సరిపోతుందా అని అడగాలి. ట్యాంకుల చుట్టూ కట్టే డైక్ గోడ లోపలి భాగం అతి పెద్ద ట్యాంకు సామర్థ్యానికి 10 శాతం అదనంగా పట్టాలి. 5,000 కిలోలీటర్ల ట్యాంకు ఉంటే 5,500 కిలోలీటర్ల ఖాళీ కావాలి, ఆ లెక్కలో మిగతా ట్యాంకులు ఆక్రమించిన చోటును తీసెయ్యాలి. డైక్ నుంచి వాననీరు బయటికి పోయే వాల్వు ఎప్పుడూ మూసి ఉంచి, నీటిని పరీక్షించాకే వదలాలి. ఆ కాలువ చివరికి ఏ చెరువులో కలుస్తుందో మీ ఊరివాళ్లకే బాగా తెలుసు.

ట్యాంకు అడుగు నుంచి కారితే మా బోర్లు పాడవుతాయా?

పాడవుతాయి, అదీ వెంటనే తెలియదు. ట్యాంకు అడుగు రేకు తుప్పుపట్టి సన్నగా కారే నూనె ఏళ్లపాటు నేలలోకి దిగి, భూగర్భజలం పారే దిశలో సాగుతుంది. అడుగున నీరు దిగని పొర, కారితే పసిగట్టే ఏర్పాటు, స్థలం చుట్టూ పరిశీలన బోర్లు ఉండాలని, వాటి ఫలితాలు పంచాయతీకి క్రమంగా ఇవ్వాలని షరతుగా కోరాలి. ట్యాంకుల అడుగున చేరే మడ్డి 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని అక్కడే గుంట తీసి పూడ్చకూడదు.

భూగర్భ గుహల్లో నిల్వ చేస్తే ప్రమాదం లేనట్టేనా?

పైన కట్టే ట్యాంకులతో పోలిస్తే మంటలు, తుపాను, దాడుల ప్రమాదం బాగా తగ్గుతుంది. విశాఖపట్నంలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే వ్యూహాత్మక నిల్వ గుహలు, 60,000 టన్నుల ఎల్.పి.జి. గుహ ఉన్నాయి. వీటిలో సరుకును బంధించి ఉంచేది చుట్టూ ఉన్న రాతిలోని నీటి ఒత్తిడే. అందువల్ల భూగర్భజల మట్టం పడిపోకుండా చూడటం భద్రతకు ప్రాణం వంటిది, చుట్టుపక్కల లోతైన బోర్లపై ఆంక్షలు రావచ్చు. ఆ ప్రాంతంలో తాగునీటి, సాగునీటి అవసరాలు ఎలా తీరుస్తారో అంచనాలో ఉండాలి. తవ్విన రాయి ఎక్కడ పోస్తారన్నది మరో భూ వినియోగ ప్రశ్న.

లారీల రద్దీని కూడా లెక్కించాలా?

తప్పకుండా లెక్కించాలి. రోజుకు ఎన్ని ట్యాంకర్లు, ఏ వేళల్లో, ఏ రోడ్డు మీద, ఎక్కడ ఆగుతాయి అన్నవి ఉండాలి. కంచె లోపల పార్కింగు చాలకపోతే ట్యాంకర్లు బడి ముందే నిలబడతాయి.

## ప్రజాభిప్రాయ సేకరణ

సభ గురించి మాకెప్పుడు తెలియాలి? నివేదిక ఎక్కడ దొరుకుతుంది?

కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోనూ ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక, తెలుగు సారాంశం కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు లేదా నగరపాలక సంస్థ, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సభ ప్రాజెక్టు స్థలంలో గాని దగ్గరలో గాని జరగాలి. కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. చివర్లో చర్చల సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మీరు చెప్పిన మాట అందులో లేకపోతే అక్కడికక్కడే లేచి చేర్చమని అడిగే హక్కు మీకుంది. సభకు కోరం అన్నది లేదు, అంటే పదిమందే వచ్చినా సభ జరిగినట్టే. బహిష్కరించాలని అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుని, కనీసం రాతపూర్వక అభ్యంతరాలైనా అందించి రసీదు తీసుకోవాలి.

ఊరంతా వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుందా?

దానంతట అదే ఆగిపోదు. అక్కడ ఓటింగు ఉండదు. లేవనెత్తిన ప్రతి అంశానికి కంపెనీ జవాబు చెప్పి నివేదికను సవరించాలి, నిపుణుల కమిటీ ఆ జవాబులను పరిశీలించాలి. కాబట్టి “మాకొద్దు” అన్న మాటతో పాటు, ఫలానా సర్వే నంబరులో వాగు ఉంది, ఫలానా పేజీలో బడిని చూపలేదు, రాత్రి గాలి లెక్క లేదు అని నిర్దిష్టంగా చెబితే ఆ మాట రికార్డులో నిలుస్తుంది, రేపు జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు కూడా పనికొస్తుంది. ఆవేశంతో మాట్లాడేవాళ్లను తప్పుపట్టడం లేదు, పోయేది వాళ్ల భూమి. కానీ ఆ ఆవేదనకు కాగితం తోడు ఉండాలి.

మా దగ్గర సభే పెట్టలేదు. అది చెల్లుతుందా?

కొన్ని సందర్భాల్లో చెల్లుతుంది. ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే ప్రాజెక్టులకు, పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక అక్కరలేని “బి2” వర్గంలో చేర్చిన వాటికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. ఆ పార్కుకు అనుమతి ఇచ్చినప్పుడు ఇలాంటి నిల్వను అందులో ఊహించారా, ఆ అనుమతి పత్రంలో దీనిపై నిషేధం ఉందా అని చూడాలి. నిల్వను చిన్న ముక్కలుగా చీల్చి, ఒక్కోటి హద్దు కిందికి వచ్చేలా వేర్వేరు పేర్లతో దరఖాస్తు చేసినట్టు కనిపిస్తే అన్నిటినీ కలిపి లెక్కించాలని రాష్ట్ర సంస్థకు రాయాలి.

## అనుమతి వచ్చాక

అనుమతి ఇచ్చేశారు. ఇంకేం చెయ్యగలం?

జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షను కింద 30 రోజుల్లో అప్పీలు చెయ్యవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు, ఆపైన అవకాశం లేదు. తెలుగు రాష్ట్రాలకు చెన్నైలోని దక్షిణ ధర్మాసనం వర్తిస్తుంది. గడువు అనుమతి సంగతి బహిరంగమైన రోజు నుంచి మొదలవుతుంది కనుక పరివేష్ వెబ్‌సైటును, స్థానిక పత్రికలను వారానికొకసారైనా చూస్తుండాలి.

షరతులు పాటిస్తున్నారో లేదో మాకెలా తెలుస్తుంది?

అనుమతి పొందిన సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు సమర్పించాలి. అవి ప్రజాపత్రాలు. అనుమతి పత్రంలోని షరతులను తెలుగులోకి రాసుకుని, పంచాయతీ కార్యాలయంలో అతికించి, ఒక్కో షరతుకు ఎదురుగా కంటికి కనిపించే స్థితి రాస్తూ పోవాలి. కాలక్రమంలో నిల్వ పెరగడాన్ని ప్రత్యేకంగా గమనించాలి. కొత్త ట్యాంకు వచ్చినా, నిల్వ చేసే రసాయనం మారినా కొత్తగా అనుమతి అవసరం కావచ్చు.

ప్రమాదం జరిగితే ఊరికి ఎవరు చెప్పాలి?

1989 నియమాల ప్రకారం కంచె లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యం బాధ్యత, కంచె బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగం బాధ్యత. లోపలి ప్రణాళికపై ఆరు నెలలకోసారి, బయటి ప్రణాళికపై ఏడాదికోసారి కసరత్తు జరగాలి. ప్రమాదం తాకే అవకాశమున్న ప్రజలకు ఆ ప్రమాదం స్వభావం, చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి ముందే తెలియజెయ్యాలని 15వ నియమం చెబుతుంది. వెంకటాపురంలో సైరన్ మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. మీ ఊళ్లో సైరన్ చివరిసారి ఎప్పుడు మోగించి చూశారో, గాలి వాలుకు అడ్డంగా బయటపడే దారి ఏదో పిల్లలకు కూడా తెలియాలి. కసరత్తులు జరగకపోతే కలెక్టరుకు, కర్మాగారాల శాఖకు రాసి, ఆ లేఖ నకలు మీ దగ్గర ఉంచుకోవాలి.

డిపో మూసేసి వెళ్లిపోతే ఆ భూమి సంగతేమిటి?

ట్యాంకులు విప్పి తీసుకుపోవడంతో పని పూర్తి కాదు. ట్యాంకుల అడుగు మట్టిని, భూగర్భజలాన్ని పరీక్షించి, కలుషితమైన మట్టిని తొలగించి, ఆ తర్వాతే భూమిని మరో వినియోగానికి ఇవ్వాలి. అది అసైన్డ్ లేదా ప్రభుత్వ భూమి అయితే తిరిగి ఏ స్థితిలో అప్పగించాలో లీజు పత్రంలోనే రాయించుకోవాలి. శుభ్రపరిచే ఖర్చుకు బ్యాంకు గ్యారంటీని అనుమతి దశలోనే షరతుగా పెట్టించాలి, ఎందుకంటే మూసేసిన కంపెనీ నుంచి డబ్బు రాబట్టడం చాలా కష్టం. కాలుష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లే గడువు, కారణం మొదట తలెత్తిన నాటి నుంచి 5 ఏళ్లు.